ఒంటి చేతి మూత

"ఆత్మహత్యే బావా. అనుమానం లేదు. వచ్చిన దారినే వెళ్ళిపో," అన్నాడు ఇన్‌స్పెక్టర్, మేడ మీది గది గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి.

"చెయ్యి తియ్యి. చూశాక నాకూ అలాగే అనిపిస్తే నువ్వు చెప్పకుండానే పోతాను," అన్నాడు డిటెక్టివ్.

"అసలు నిన్నెవరు పిలిచారు?"

"చనిపోయినాయన అక్క. పొద్దున్నే ఫోన్ చేసి ఒకటే ఏడుపు. నువ్వు మాత్రం రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశావట."

ఇన్‌స్పెక్టర్ మొహం చిట్లించి పక్కకి జరిగాడు. అతను డిటెక్టివ్ భార్యకు స్వయానా తమ్ముడు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ సెలవు వస్తే చాలు, అక్క ఇంట్లోనే మకాం. ఆవిడ పోయాక రాకపోకలు తగ్గాయి, తర్వాత మాటలు తగ్గాయి. ఇప్పుడు ఈ బావా బావమరుదులు ఎదురుపడాలంటే ఎక్కడో ఎవరో చచ్చిపోవాలి. ఆ శవం దగ్గర కూడా ఇద్దరికీ ఒక్క మాట మీద కుదరదు.

శవాన్ని అప్పటికే తీసుకెళ్ళారు. కిటికీ పక్కన మంచం, దాని మీద నలిగిన దుప్పటి, ఎదురుగా ఒక కుర్చీ, గోడవారగా పని బల్ల. బల్ల మీద రకరకాల ప్లాస్టిక్ మూతలు, చిన్న చిన్న స్ప్రింగులు, సగం కోసిన సీసాలు.

చనిపోయినాయన మందుల సీసాలు తయారుచేసే ఫ్యాక్టరీలో డిజైనర్. కొన్ని మందులు ముందే కలిపి ఉంచితే వారం తిరక్కుండా పాడైపోతాయి. అందుకని పొడిని మూతలో, ద్రవాన్ని సీసాలో విడివిడిగా దాచి, వాడుకునేముందు కలిసేట్టు చెయ్యాలి. మూత గట్టిగా తిప్పితే లోపలి రేకు చిరిగి పొడి కిందికి పడుతుంది. కుదిపి తాగడమే. ఇరవై ఏళ్ళుగా ఆయన బతుకంతా ఆ మూతల మీదే గడిచింది. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. కాలు తిరిగి దారికొచ్చింది గానీ కుడి చెయ్యి మాత్రం అలాగే వేలాడిపోయింది.

"విను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నిన్న సాయంత్రం ఆరింటికి ఈయన దగ్గుతుంటే కింద ఇంటివాళ్ళు విన్నారు. ఆ తర్వాత చప్పుడు లేదు. పొద్దున నీళ్ళ మోటారు సంగతి చెబుదామని ఇంటాయన పైకొచ్చి, ఎంత కొట్టినా తియ్యకపోతే తన దగ్గరున్న తాళంతో తలుపు తీశాడు. తాగింది దగ్గుమందు. అందులో నిద్రమందు కలిసింది. ఇంతా అంతా కాదు, ఏనుగుని పడుకోబెట్టేంత. ఇందాకే ల్యాబ్ నుంచి ఫోనొచ్చింది."

"తలుపు?"

"లాగితే దానంతటదే పడే తాళం. కాబట్టి తలుపుని నేను లెక్కలోకి తీసుకోవడం లేదు. నేనూ పోలీసునే బావా, మరీ తీసిపారెయ్యకు. సీసా ఫ్యాక్టరీ సీసాయే. మూతలో పొడి తీసి వేరే పొడి నింపి, మళ్ళీ రేకు అతికించడం ఎవడికి పడితే వాడికి వచ్చే పనా? ఆ విద్య కనిపెట్టినవాడే ఈయన. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. ఫోన్లో అక్క నంబరు తప్ప సొంతవాళ్ళ నంబరు లేదు. ఒక కంచం, ఒక గ్లాసు, ఒక కుర్చీ. మనిషి చావడానికి ఇంకేం కావాలి?"

ఆ మాట డిటెక్టివ్‌కి ఎక్కడో తగిలింది.

"మా ఇంట్లో కుర్చీలు రెండున్నాయి," అన్నాడు. "రెండోదాంట్లో ఉతికిన బట్టలు కూర్చుంటాయి. నీ లెక్క ప్రకారం నాకింకా కొంచెం టైముంది."

ఇన్‌స్పెక్టర్ కిటికీలోంచి బయటికి చూశాడు.

"సరే, ఆ కుర్చీ సంగతే చూద్దాం," అన్నాడు డిటెక్టివ్. "శవం ఎక్కడ దొరికింది?"

"మంచం మీద. కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు."

"మందు సీసా, కొలత మూత?"

"బల్ల మీద."

"ఇంట్లో ఒక్కడే ఉన్న మనిషి, బల్ల దగ్గర కుర్చీ పెట్టుకుని, దాన్ని ఇంత దూరం ఈడ్చి, మంచానికి ఎదురుగా వేసి, తను మాత్రం వెళ్ళి మంచం మీద కూర్చుని మందు తాగాడా? కుర్చీ ఇటు ఎందుకు తిరిగింది? ఉన్న ఒక్క కుర్చీ ఎవరికిస్తాం? వచ్చినవాళ్ళకిస్తాం."

"మావాళ్ళెవరైనా జరిపారేమో అని అడగవేం?"

"నీ మనుషులు ఏదైనా ముట్టుకుంటే నువ్వు వాళ్ళ వేళ్ళు విరుస్తావని నాకు తెలుసు."

ఆ పొగడ్తకి ఇన్‌స్పెక్టర్ మెత్తబడలేదు గానీ మీసం కింద పెదవి కొంచెం కదిలింది.

డిటెక్టివ్ గదంతా మెల్లగా కలియదిరిగాడు. ఆ ఇంట్లో ప్రతి వస్తువూ ఒక చెయ్యి లేని మనిషి కోసం తయారైంది. టూత్‌పేస్టు గోడకి బిగించిన చెక్క పట్టులో ఉంది, కింద బ్రష్ పెట్టి పైన నొక్కితే చాలు. రొట్టె కోసే పలక మీద రెండు మేకులు, రొట్టె కదలకుండా గుచ్చి పెట్టడానికి. చొక్కాలకి బొత్తాల బదులు అతుక్కునే పట్టీలు. రెండో చెయ్యి అందించే మనిషి లేక, ఆయన గోడలనీ చెక్కలనీ బతిమాలి ఆ పని చేయించుకున్నాడు. తను కూడా అలాగే బతుకుతున్నానా అని డిటెక్టివ్‌కి ఒక్క క్షణం అనిపించింది. ఆ ఆలోచనని అక్కడే వదిలేసి చెత్తబుట్ట దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

బుట్టలో వేరే రకం సీసా ఒకటి ఖాళీగా పడి ఉంది. నాలుగు పలకలుగా ఉంది. దాని మూత తిప్పేది కాదు. బల్ల మీద నిలబెట్టి అరచేత్తో నొక్కితే, లోపలి సూది దిగి రేకుని చింపుతుంది.

"ఇది ఈయన సొంతంగా చేసుకున్న ఒంటి చేతి మూత," అన్నాడు డిటెక్టివ్. "వాళ్ళక్క చెప్పింది. ఫ్యాక్టరీవాళ్ళు ఒప్పుకోకపోతే, తన చేత్తో కొన్ని చేసుకుని అవే వాడుకుంటున్నాడట. ఇది ఆఖరిది కాబోలు. ఇప్పుడు చెప్పు. చావాలనుకున్నవాడు, నింపడం తెలిసినవాడు, తను తెరవగలిగే మూతలో నింపుకుంటాడా, తెరవలేనిదాంట్లోనా?"

"తెరవలేడని ఎవరన్నారు? ఆ బిగింపు చూడు." ఇన్‌స్పెక్టర్ బల్ల అంచున ఉన్న చెక్క బిగింపుని చూపించాడు. "సీసాని అందులో ఇరికించి ఎడం చేత్తో తిప్పాడు. అయిపోయింది."

"పోల్చి చూడ్డానికి మందుల షాపు నుంచి అలాంటి సీసాయే తెప్పించావుగా, తియ్యి. తిప్పి చూపించు."

ఇన్‌స్పెక్టర్‌కి పంతం వచ్చింది. కుడి చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఆకుపచ్చ మూత సీసాని బిగింపులో పెట్టి తిప్పాడు. మూతతోపాటు సీసా కూడా గిర్రున తిరిగింది. మళ్ళీ బిగించాడు. మళ్ళీ తిరిగింది.

"అది పలకల సీసా కోసం చేసిన బిగింపు. గుండ్రటిది అందులో నిలవదు."

"అయితే మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు!"

"పెట్టుకో."

సర్కిల్‌లో దొంగలందరూ భయపడే ఇన్‌స్పెక్టర్ మంచం మీద కూర్చుని, మోకాళ్ళ మధ్య దగ్గుమందు సీసా నొక్కిపట్టి, నాలిక బయటపెట్టి ఎడం చేత్తో మూతని తిప్పుతుంటే, గుమ్మంలో కానిస్టేబుల్ గోడ వైపు తిరిగిపోయాడు. మెత్తటి సీసా సొట్టపడి, సబ్బులా జారి, మంచం కిందికి దొర్లింది.

"పళ్ళతో," అన్నాడు ఇన్‌స్పెక్టర్, చెమట తుడుచుకుంటూ.

"పళ్ళ గాట్లు ఏవి? కవర్లో ఉన్న సీసా చూడు. మూత అద్దంలా ఉంది. ఇంకో సంగతి. మూత తిప్పితే దాని మెడ చుట్టూ ఉన్న సీలు పట్టీ ఊడొస్తుంది. ఆ పట్టీ ఏది? బల్ల మీద లేదు, నేల మీద లేదు, చెత్తబుట్టలో లేదు. ఎవరో వచ్చారు. కుర్చీలో కూర్చున్నారు. మూత తిప్పి ఇచ్చారు. పోతూ పట్టీ పట్టుకుపోయారు."

"ఒక ప్లాస్టిక్ ముక్క కోసం ఊరందరినీ అనుమానించమంటావా?"

"ఊరందరినీ వద్దు. ఆయన గదికి వచ్చే ఒక్క మనిషిని చాలు. వచ్చే వారం రమ్మన్నాడట అక్కని. ఒకరిని చూపిస్తానన్నాడట."

ఆ రెండు ముక్కల ఫోన్లో ఇన్‌స్పెక్టర్ అడగని సంగతి అది. అది ఒప్పుకోవడం ఇష్టం లేక గొంతు పెంచాడు.

"సాయంత్రం దాకా ఆగుతాను. అప్పటికి ఆ మనిషిని తెచ్చి చూపించు. లేదంటే నా రిపోర్టు నేను రాసేస్తాను. ఇక వెళ్ళు, నీ వల్ల నా మనుషుల ముందు పరువు పోయింది."

ఫ్యాక్టరీలో మేనేజరే ఎదురొచ్చాడు. తెల్లటి చొక్కా, నెమ్మదైన గొంతు. పనివాళ్ళందరూ ఆయన్ని పెద్దాయనా అని పిలుస్తారు, ఆయనా వాళ్ళ పిల్లల చదువుల దగ్గర్నుంచి అన్నీ అడుగుతాడు.

"మా ఇంట్లో మనిషి పోయినట్టుంది," అన్నాడు కళ్ళజోడు తుడుచుకుంటూ. "ఒంటరితనం మనిషిని తినేస్తుందండీ. ఇంతకీ ఏం తాగాడు?"

"దగ్గుమందు. మీ సీసాయే."

"ఆయన సొంత సీసానా?"

"కాదు. ఆకుపచ్చ మూత."

"ఆకుపచ్చ మూతా?" అన్నాడు మేనేజర్. కళ్ళజోడు తుడవడం ఆగింది. "ఆకుపచ్చ మూతేనా?" అని మళ్ళీ అడిగి, గోడ గడియారం వైపు చూసి, బయట అర్జంటు పని ఉందనీ, ఏం కావాలన్నా ల్యాబ్‌లో కెమిస్ట్‌ని అడగమనీ చెప్పి కారు తాళాలు తీసుకున్నాడు.

కెమిస్ట్‌కి నలభై దాటి ఉంటాయి. ల్యాబ్‌లో ఆమె ఒక్కతే ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, కానీ ముందున్న సీసాలు మాత్రం గీత గీసినట్టు వరసగా ఉన్నాయి.

"ఆయన మీకు బాగా తెలుసా?" అడిగాడు డిటెక్టివ్.

"కలిసి పనిచేశాం."

"ఎప్పుడైనా ఇంటికి వెళ్ళారా?"

"ఎందుకు వెళ్తాను సార్? ఫ్యాక్టరీ పనులు ఫ్యాక్టరీలోనే." సన్నగా దగ్గింది.

"నాకు ఈ మూతల గురించి అంతగా తెలీదు. ఒకటి తెరిచి చూపిస్తారా?"

ఆమె ఒక సీసా అందుకుంది. ఎడం చేత్తో సీసాని పట్టుకుని, కుడి చేత్తో మూతని నొక్కి తిప్పింది. లోపల రేకు టప్‌మని చిరిగింది, పొడి జలజలా ద్రవంలోకి రాలింది. ఊడొచ్చిన తెల్ల పట్టీని చూడనైనా చూడకుండా కోటు జేబులో వేసుకుని, సీసాని కుదపసాగింది.

"ఇప్పుడు నురుగు వస్తుంది. అది దిగేదాకా ఆగాలి, లేకపోతే కొలత తప్పుతుంది."

"ఆ పట్టీ జేబులో ఎందుకు వేసుకున్నారు?"

"అలవాటు సార్. రోజూ పదుల కొద్దీ తెరుస్తాం. కింద పడితే కాలు జారుతుంది."

"నిన్న సాయంత్రం పట్టీ కూడా ఆ జేబులోనే వేశారా? లేక నిన్న వేరే బట్టలా?"

ఆమె చేతిలో సీసా ఆగిపోయింది. నురుగు నెమ్మదిగా పైకి పొంగింది. ఆమె దాన్ని కింద పెట్టి, కుర్చీ మీద ఉన్న తన చేతిసంచీ తెచ్చి, లోపలి అరలోంచి ఒక ఆకుపచ్చ పట్టీ తీసి బల్ల మీద పెట్టింది.

"నా చేత్తోనే తిప్పాను సార్," అంది. "నా చేత్తోనే కొలిచి ఇచ్చాను."

డిటెక్టివ్ ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"గురువారం గురువారం వెళ్ళేదాన్ని. ఒక గంట. ఆయన మూతలు చూపించేవారు, నేను తప్పులు పట్టేదాన్ని. అంతే. ఇంకేమీ లేదు. నిన్న బాగా దగ్గుతున్నారు. ఆయన సీసాలు అయిపోయాయి. నా సంచీలో ఉన్నది తీశాను. ఎప్పుడూ ఎవర్నీ మూత తిప్పమని అడగరు సార్ ఆయన. నిన్న మాత్రం నవ్వి, 'నువ్వున్నావుగా, తిప్పు' అన్నారు. తాగాక నిద్రొస్తోంది, నువ్వు వెళ్ళు అన్నారు. జ్వరమేమో అనుకుని, కూర్చున్న మనిషికి భుజాల చుట్టూ దుప్పటి కప్పి వచ్చేశాను. పొద్దున ఇక్కడ అందరూ ఆత్మహత్య అంటున్నారు. సీలున్న సీసా నేనే తెరిచానని నాకు తెలుసు. ఎవరితో చెప్పను? ఏమని చెప్పను? నేను ఆయనకి ఏమవుతానని?"

"వచ్చే వారం వాళ్ళక్కని రమ్మన్నాడు," అన్నాడు డిటెక్టివ్. "ఒకరిని చూపిస్తానన్నాడట. అది మీరే అయ్యుంటారు."

ఆమె అతని మొహంలోకి చూసింది. అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత బల్ల మీద చేతులు ఆనించి తల వాల్చేసుకుంది. ఏడుపు చప్పుడు కూడా ఎవరికీ వినపడకుండా ఏడవడం ఆమెకి అలవాటు కాబోలు, భుజాలు మాత్రమే కదిలాయి. డిటెక్టివ్‌కి ఓదార్చడం చేతకాదు. వరసలోంచి పక్కకి జరిగిన సీసా ఒకటి ఉంటే సరిచేసి పెట్టాడు.

"ఆ సీసా మీ సంచీలోకి ఎలా వచ్చింది?" అడిగాడు, ఆమె తలెత్తాక.

"మా పెద్దాయన ఇచ్చారు. మేనేజర్ గారు. నిన్న ల్యాబ్‌కి వచ్చి, 'రోజూ దగ్గుతున్నావమ్మా, పట్టించుకోవు' అని బతిమాలి ఇచ్చారు. ఇన్నేళ్ళలో నా దగ్గు విన్న మనిషి ఒకరున్నారని..." ఆమె ఆగిపోయింది.

"మీకూ ఆయనకీ ఏదైనా గొడవుందా?"

"గొడవ కాదు. సంతకం. కొత్త మూత పిల్లల మందుకి వెళ్తోంది. రేకులోంచి తేమ లోపలికి పోతోంది సార్. పొడి గడ్డకట్టి సగం మూతలోనే ఉండిపోతుంది. పిల్లలకి అందే మందు సగమే. ఇది బాగుంది అని నన్ను సంతకం పెట్టమన్నారు. పెట్టనన్నాను. మూడుసార్లు అడిగారు. నేను లేకపోతే ఆ సంతకం ఆయనే పెట్టుకోవచ్చు." చెబుతూ చెబుతూనే ఆమె మొహంలో రంగు మారింది. "సార్. అది నా కోసం ఇచ్చిన సీసా."

"మీ కోసమే. మూతల్లో పొడి నింపి రేకు అతికించే మిషన్లన్నీ ఆయన చేతిలోనివేగా. ఆ సీసా మీ డిజైనర్‌కి చేరిందని ఇందాక నేను ఆకుపచ్చ మూత అన్నదాకా ఆయనకి తెలీదు." డిటెక్టివ్ లేచి నిలబడ్డాడు. గడియారం చూసుకుంటూ బయటికి వెళ్ళిన మేనేజర్ కళ్ళముందు కదిలాడు. "ఒక్కటే ఇచ్చాడా?"

"రెండు. మీ అమ్మగారికి కూడా తీసుకెళ్ళు, ఈ కాలంలో పెద్దవాళ్ళకి దగ్గు మంచిది కాదు అని..."

"అది ఎక్కడుంది?"

"ఇంట్లో. అమ్మ దగ్గర."

"ఇల్లెక్కడ? ముందు ఫోన్ చెయ్యండి, చేస్తూ చెప్పండి."

ఆమె నంబరు నొక్కుతూ అడ్రస్ చెప్పింది. డిటెక్టివ్ అప్పటికే తన ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

"మళ్ళీ ఏంటి బావా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ విసుగ్గా.

"ఒక అడ్రస్ చెబుతాను. ఇప్పుడే నువ్వే బయల్దేరాలి. కారణం తర్వాత చెబుతాను."

"కారణం ఎవడడిగాడు? అడ్రస్ చెప్పు." అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, జీపు తియ్యమని కేక వినపడ్డాయి.

ఈలోగా కెమిస్ట్ ఫోన్లో పెద్దావిడ గొంతు పలికింది. కెమిస్ట్ స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టింది.

"అమ్మా, నిన్న నేను తెచ్చిన దగ్గుమందు తాగావా?"

"ఇంకా లేదే. ఇప్పుడే కలిపాం. నురుగు దిగేదాకా తాగొద్దన్నావుగా, ఆగాను."

కెమిస్ట్ బల్ల అంచుని పట్టుకుంది. "తాగకు అమ్మా. నేను వచ్చాక తాగుదువుగాని. వింటున్నావా? అస్సలు ముట్టుకోకు." అంతలోనే ఆమెకి ఏదో తట్టింది. "కలిపాం అంటున్నావేంటి? నీ వేళ్ళకి మూత తిరగదుగా. ఎవరు తిప్పారు?"

"మీ ఆఫీసు పెద్దాయన వచ్చారే. ఎంత మంచి మనిషి! ఆ సీసా పాతదట, మార్చి ఇస్తానని వచ్చారు. దగ్గు ఆగట్లేదు బాబూ, ముందు ఇది ఒక మోతాదు తాగి ఇస్తాను, కాస్త మూత తిప్పి పెట్టండి అని నేనే అడిగాను. కాసేపు ఆలోచించి తిప్పి ఇచ్చారు. ఉండు, నీతో మాట్లాడతారట."

డిటెక్టివ్ వేలు పెదవుల మీద పెట్టుకుని, ఆమె పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మా," అంది నెమ్మదైన గొంతు. "ల్యాబ్‌లో ఆ డిటెక్టివ్ ఉన్నాడా, వెళ్ళిపోయాడా? ఒక్కదానివే ఉన్నావా?"

కెమిస్ట్ డిటెక్టివ్ వైపు చూసింది. కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళూ నిజమైన ఆ మాటని మొదటిసారి అబద్ధంగా చెప్పింది.

"ఒక్కదాన్నే సార్."

"అయితే వచ్చెయ్యమ్మా. నువ్వు వచ్చేదాకా మీ అమ్మగారి దగ్గర నేను కూర్చుంటాను. నురుగు కూడా దిగిపోయింది."